ఇటాలియన్ నేర్చుకోవడానికి పెరూజా వెళ్తున్నారా? మొదటి రెండు నెలలు ఇలా గడపండి

నెలకి ఒకరైనా ఇదే అడుగుతున్నారు: "ఆరు నెలల భాషా కోర్సుకి పెరూజా వెళ్తున్నాం, అక్కడ రోజులు ఎలా గడుస్తాయి? ఇంగ్లిషుతో సరిపోతుందా?"

సరిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. కాఫీ దుకాణంలో, యూనివర్సిటీ ఆఫీసులో, మీతో ఉండే రూమ్మేట్లతో ఇంగ్లిషులో హాయిగా నెట్టుకురావచ్చు. ఆరు నెలలు అలా నెట్టుకొచ్చి, సర్టిఫికెట్ పట్టుకుని తిరిగొచ్చాక ఫోన్లో ఒక ఇటాలియన్‌తో రెండు నిమిషాలు మాట్లాడలేనివాళ్లని చూశాను. మొదటి నెల నేనూ అదే దారిలో ఉన్నాను. అందుకే కోర్సు గురించి కాకుండా, కోర్సు బయట మిగిలే రోజు గురించి రాస్తున్నాను.

ఊరి గురించి రెండే మాటలు. పెరూజా ఇటలీ నడిబొడ్డున, ఉంబ్రియా ప్రాంతానికి రాజధాని. సముద్రమట్టానికి దాదాపు 490 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది. విదేశీయులకి ఇటాలియన్ నేర్పే కోర్సులు ఇక్కడ 1921లో మొదలయ్యాయి. అవే పెరిగి ఇప్పటి 'ఉనివెర్సితా పెర్ స్త్రానియేరి' అయ్యాయి, అంటే విదేశీయుల విశ్వవిద్యాలయం. దాని ముఖ్య భవనం పలాత్సో గల్లెంగా. ఎదురుగా క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఎత్రుస్కన్లు (రోమన్లకన్నా ముందు అక్కడున్న జాతి) కట్టిన రాతి ద్వారం. మొదటి వారం ఫోటోలు తీస్తారు, నాలుగో వారానికి దాని కింద గొడుగు మడుచుకుంటూ క్లాసుకి పరిగెత్తుతారు.

ఏమేం కావాలి

- కోర్సు అడ్మిషన్ లెటరు, ఇన్సూరెన్సు, బస ఆధారం, పాస్‌పోర్టు, వీసా పేజీ: అన్నీ రెండేసి జిరాక్సులు. 90 రోజులు దాటే కోర్సుకి 'డి' రకం స్టడీ వీసా.
- పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఎనిమిది. నాలుగు కావాలంటారు, ఆరు ఖర్చవుతాయి.
- కాగితాల ఖర్చుకి కనీసం 150 యూరోలు విడిగా.
- ప్లగ్ అడాప్టరు. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడ దూరదు. ఫోన్ చార్జరుకుండే సన్నటి రెండు పిన్నులు దూరతాయి.
- జారని అరికాలున్న బూట్లు. వాన పడితే అక్కడి రాళ్ల బాట సబ్బు రాసిన బండే.
- మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు, కారం, ఇంగువ, చింతపండు.
- జేబులో పట్టే నోటుపుస్తకం ఒకటి. ఫోన్ దీనికి బదులు కాదు, ఎందుకో తర్వాత చెప్తాను.

ఒక హెచ్చరిక. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి తీసుకెళ్లొద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేవడం నిషేధం. పచ్చి కరివేపాకు కూడా అంతే. అమ్మ ఏడ్చినా సరే, ఎండబెట్టి పొడి చేసి పట్టుకెళ్లండి.

1. ఇల్లు: మెట్లు లెక్కపెట్టి, చలికాలం గురించి అడిగి తీసుకోండి

విద్యార్థులు ఎక్కువగా ఉండే చోట్లు రెండు. ఒకటి యూనివర్సిటీ పక్కనే మొదలై పైకి ఎక్కే కోర్సో గరిబాల్ది వీధి, రెండోది కాస్త అవతల ఎల్చె. కొండ కింద రైల్వే స్టేషన్ ఉన్న ఫోంతివెజ్జెలో అద్దె తక్కువ పడొచ్చు, కానీ రోజూ పైకి రావాలి. నా ఓటు కొండ మీది పాత ఊరికే. పాత ఊళ్లో గుమ్మం దిగితే మనుషులే, ఎవరో ఒకరితో మాట్లాడక తప్పదు.

ఓనరుని అడగాల్సినవి నాలుగు. అద్దెలో 'స్పేసె' కలిసి ఉన్నాయా (నీళ్లు, కరెంటు, గ్యాసు, చెత్త వగైరా)? హీటింగ్ 'ఔతోనొమో'నా, 'చెంత్రలిజ్జాతో'నా? అంటే మీ చేతిలో స్విచ్ ఉంటుందా, బిల్డింగంతటికీ ఒకటేనా అని. కాంట్రాక్టు రిజిస్టర్ చేస్తారా? విదేశీయుడికి బస ఇచ్చానని పోలీసులకి తెలిపే కాగితం ఇస్తారా? చివరిది ముఖ్యం. చట్టప్రకారం ఇల్లిచ్చినవాళ్లు 48 గంటల్లో తెలపాలి. మీ నివాస పర్మిట్ పనికి దాని నకలు అడిగినా అడుగుతారు.

హీటింగ్ మాట ఎందుకంటే, పెరూజాలో మామూలుగా అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకే రేడియేటర్లు వేయనిస్తారు, అదీ రోజుకి 14 గంటలు మించకుండా. అక్టోబరు మొదటి వారంలో చలేస్తే దుప్పటే దిక్కు. "హీటరు పాడైంది" అని ఓనరుకి కంప్లైంట్ చేసి నవ్వులపాలైనవాళ్లలో నేనొకణ్ణి.

జాగ్రత్త: ఇల్లు చూడకుండా అడ్వాన్సు పంపొద్దు. ఫోటోలో అద్దె చవగ్గా, కిటికీలోంచి కొండలు అందంగా కనిపిస్తూ, "నేను ఊళ్లో లేను, డబ్బు పంపితే తాళాలు పోస్టులో పంపుతాను" అన్నారంటే అక్కడ ఇల్లే లేదని అర్థం. మరో దారి: వీసాకి బస చూపించాలి కాబట్టి మొదటి రెండు మూడు వారాలకి హాస్టలో, గదో బుక్ చేసుకుని, వెళ్లాక తిరిగి చూసుకోండి. యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన 'అఫ్ఫీత్తసి' చీటీలు వెతకండి. ఆ మాటకి 'అద్దెకివ్వబడును' అని అర్థం.

2. మొదటి ఎనిమిది పనిదినాలు: పర్మిట్ కాగితాలు

90 రోజులు దాటి ఉండేవాళ్లు ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోపు 'పెర్మెస్సో ది సొజ్జోర్నో' అనే నివాస పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. అంతకన్నా తక్కువ ఉండేవాళ్లకి ఇది అక్కర్లేదు, వచ్చామని తెలిపే డిక్లరేషన్ చాలు.

వరస ఇదీ:

అ) 'స్పోర్తెల్లో అమీకో' అని రాసి ఉన్న పోస్టాఫీసుకి వెళ్లి పర్మిట్ 'కిట్' అడగండి. ఉచితమే. పెద్ద కవరులో ఫారాలుంటాయి. విద్యార్థులకి సాధారణంగా మొదటి ఫారం చాలు.

ఆ) 'తబాక్కి' దుకాణంలో, అంటే బయట పెద్ద 'టి' అక్షరం బోర్డుండే సిగరెట్ల కొట్లో, 16 యూరోల 'మార్కా ద బొల్లో' కొనండి. మన రెవెన్యూ స్టాంపు లాంటిదే.

ఇ) ఏడాదిలోపు పర్మిట్‌కి 70.46 యూరోలు పోస్టాఫీసులో చలానా కట్టాలి. కవరు పంపడానికి ఇంకో 30. మొత్తం 116.46. నేను చెప్పే లెక్క ఇదే, వెళ్లే ముందు తాజా రేటు యూనివర్సిటీ ఆఫీసులో ఒకసారి అడగండి.

ఈ) కవరు అంటించకుండా తీసుకెళ్లండి. కౌంటరులో తెరిచి, పాస్‌పోర్టుతో సరిచూసి తీసుకుంటారు. అంటించుకుని వెళ్లి చింపించుకున్నవాళ్లు క్యూలో కనిపిస్తూనే ఉంటారు.

ఉ) వాళ్లిచ్చే రశీదు పేరు 'రిచెవూతా'. కార్డు వచ్చేదాకా మీ ఉనికికి అదే సాక్ష్యం. దాన్ని మడిచి పర్సులో పెట్టొద్దు, అరిగిపోతుంది. జిరాక్సు దగ్గరుంచుకుని, అసలుది ఇంట్లో ప్లాస్టిక్ కవరులో పెట్టండి. దాంతోపాటు 'క్వెస్తూరా' అనే పోలీసు కార్యాలయంలో వేలిముద్రల తేదీ కూడా ఇస్తారు.

సరిచూసుకోవడం ఎలా: రశీదు మీద మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? మన ఇంటిపేర్లతో ఇక్కడ రోజూ గొడవే. ఇంటిపేరు 'కొన్యోమె' గడిలో, పేరు 'నోమె' గడిలో పడాలి. తిరగబడితే అప్పుడే, కౌంటరు దగ్గరే చెప్పండి. ఇంటికెళ్లి చూసుకుంటే రెండు నెలల టెన్షన్.

ఇంకో పొరపాటు: వీసా గడువు తీరాక చేతిలో ఉత్త రశీదుతో క్రిస్మస్ సెలవులకి ప్యారిస్ టికెట్ కొనడం. రశీదు ఇటలీలో చెల్లుతుంది, మిగతా షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు) తిరగడానికి కాదు.

పన్ను నంబరు 'కోదిచె ఫిస్కాలె' కూడా తీసుకోండి, ఫోన్ సిమ్ముకీ అద్దె కాంట్రాక్టుకీ అడుగుతారు. ఉచితమే.

ఈ పనులన్నిటికీ ఇటాలియన్ వచ్చిన స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్లాలనిపిస్తుంది. తీసుకెళ్లండి, కానీ అతన్ని వెనక నిలబెట్టి మీరు మాట్లాడండి. వచ్చిన నాలుగు ముక్కలతోనే. 'పుట్టిన తేదీ', 'సంతకం', 'గడువు', 'నకలు' అనే మాటలు నాకు క్లాసులో రాలేదు, ఆ క్యూలోనే వచ్చాయి.

3. నోరు తిప్పడం: ఇంగ్లిషు మీదుగా వెళ్లకండి, తెలుగులోంచి వెళ్లండి

తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ పేరు. గొప్పగా చెప్పుకోవడానికి తప్ప దాన్ని పనికి వాడుకున్నవాళ్లు తక్కువ. వాడుకునే పద్ధతి ఇదీ.

మొదటిది, ట కాదు, త. ఇంగ్లిషు 'టి' మనకి ట. ఇటాలియన్‌లో త. 'ఇటలీ' అని మనం అంటాం, వాళ్లు 'ఇతాలియా' అంటారు. డ కూడా ద అవుతుంది. ఇటాలియన్ మాటలన్నీ మీ నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాసుకోండి, త-ద లతో. రోమన్ లిపిలో చూసి చదివితే ఇంగ్లిషు నాలుక అడ్డొస్తుంది. జేబు పుస్తకం అన్నది ఇందుకే. ఫోన్ అయితే దానంతటదే స్పెల్లింగ్ దిద్ది మళ్లీ రోమన్‌లో పెడుతుంది.

రెండోది, ద్విత్వం. ఇంగ్లిషువాళ్లు ఇక్కడ ఏడుస్తారు, మనం ఏడవనక్కర్లేదు. 'కల'కీ 'కల్ల'కీ తేడా తెలిసినవాళ్లకి 'కపెల్లో' అంటే వెంట్రుక, 'కప్పెల్లో' అంటే టోపీ అని ఒకసారి చెబితే చాలు. 'అన్నో' అంటే సంవత్సరం, ఒత్తు తీసేస్తే శరీరంలో చెప్పుకోకూడని చోటు. 'పెన్నె' పాస్తా అడిగేటప్పుడూ ఒత్తు మరవకండి, వడ్డించేవాళ్లు ముఖం పక్కకి తిప్పుకుని నవ్వుతారు.

మూడోది 'నచ్చడం'. క్లాసులో అందరూ తడబడే పాఠం ఇది. ఇంగ్లిషులో ఆలోచించేవాళ్లు 'నేను' కర్తగా మొదలుపెట్టి తప్పు చేస్తారు. ఇటాలియన్‌లో 'మి పియాచె' అంటే అచ్చంగా 'నాకు నచ్చుతుంది'. వస్తువులు ఎక్కువైతే 'మి పియాచ్చొనో', 'నాకు నచ్చుతాయి'. మన వాక్యమే. మా క్లాసులో ఒక జర్మన్ అమ్మాయి మూడు రోజులు కుస్తీ పట్టిన పాఠాన్ని నేను ఐదు నిమిషాల్లో దాటేశాను. తెలివితో కాదు, తెలుగుతో.

నాలుగోది, కర్త వదిలేయడం. 'వస్తాను' అంటే 'నేను' చెప్పనక్కర్లేదు, క్రియలోనే ఉంది. 'వెంగో' కూడా అంతే. మాటకి ముందు 'ఇయో, ఇయో' (నేను, నేను) అంటున్నారంటే మీరు ఇంగ్లిషులోంచి తర్జుమా చేస్తున్నట్టే.

అయిదోది, మీరు-నువ్వు. 'లెయి' మన 'మీరు', 'తు' మన 'నువ్వు'. దుకాణంలో, ఆఫీసులో, మీ ఓనరుతో, పెద్దవాళ్లతో 'లెయి'. తోటి విద్యార్థులతో 'తు'. 'లెయి'కి అసలర్థం 'ఆమె', అందుకే క్రియ మూడో మనిషిది వస్తుంది. మన 'తమరు వచ్చారా' లాంటి దూరం అనుకోండి. కోర్సులో 'తు' ముందు నేర్పుతారు కాబట్టి విద్యార్థులు పోలీసు అధికారిని కూడా 'నువ్వు' అనేస్తారు. వాళ్లు ఏమీ అనరు, కానీ మీకు తెలిశాక రాత్రి నిద్ర పట్టదు.

మనకి రానివీ ఉన్నాయి. క్రియలకి తోడు ఏ సహాయక క్రియ వాడాలన్నది, ప్రతి వస్తువుకీ ఆడా మగా లింగం. వీటికి దగ్గరి దారి లేదు, బట్టీయమే.

4. రోజుని ఇలా కట్టుకోండి

క్లాసు రోజుకి నాలుగైదు గంటలు. మిగతా సమయంలో కనీసం మూడు చోట్ల ఇటాలియన్ మాట్లాడేలా పెట్టుకోండి. అన్నీ రోజూ ఒకే చోట, ఒకే వేళకి. పది దుకాణాల్లో పది 'గ్రాత్సియె'లు (థాంక్సులు) చెప్పేకంటే ఒకే కొట్టుకి పదిసార్లు వెళ్లడం మేలు.

పొద్దున బార్. అక్కడ బార్ అంటే కాఫీ కొట్టు. లోపలికి అడుగు పెట్టగానే 'బువొంజోర్నో' అనాలి, మన నమస్కారం లాంటిది. అది మర్యాద కాదు, టికెట్. అనకపోతే మీరు లేనట్టే. 'ఉన్ కఫ్ఫే' అంటే చిన్న కప్పులో రెండు గుక్కల ఎస్ప్రెస్సో. 'లాత్తె' అడిగితే గ్లాసుడు పాలు ఇస్తారు, ఎందుకంటే ఆ మాటకి అర్థమే పాలు. నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఎక్కువ ధర ఉండొచ్చు. కొన్ని చోట్ల ముందు డబ్బు కట్టి 'స్కొంత్రీనో', అంటే రశీదు, తెచ్చి చూపించాలి. అవతలివాళ్లు ఏంచేస్తున్నారో ఒక నిమిషం చూసి అడగండి.

మధ్యాహ్నం. చాలా చిన్న కొట్లు ఒంటిగంట నుంచి మూడున్నర, నాలుగు దాకా మూసేస్తారు. కొత్తలో చిరాకేస్తుంది, ఆ వేళని హోంవర్కుకి కేటాయిస్తే చిరాకు పోతుంది.

సాయంత్రం కోర్సో వన్నుచ్చి. పాత ఊరికి నడుమ వీధి ఇది. ఒక కొసన 13వ శతాబ్దపు ఫొంతానా మజ్జోరె ఫౌంటెన్, రెండో కొసన లోయలోకి చూసే తోట. పొద్దువాలే వేళకి ఊరంతా ఆ కొస నుంచి ఈ కొసకి నడుస్తారు, ఏ పనీ లేకుండా. మా రాజమండ్రిలో సాయంత్రం గోదావరి గట్టుకి పోయినట్టే. కెథడ్రల్ మెట్ల మీద విద్యార్థులు కూర్చుంటారు. ఇక్కడ మాట కలపడానికి ధైర్యం కంటే ఓపిక ముఖ్యం. మొదటి వారం వినండి. రెండో వారం నుంచి పక్కవాళ్ల కుక్క పేరడగండి. నిజంగానే చెప్తున్నా, కుక్క పేరడిగితే కాదన్న ఇటాలియన్‌ని నేను చూడలేదు.

అసలు పెద్ద అడ్డంకి మీ ముఖం చూడగానే అవతలివాళ్లు ఇంగ్లిషులోకి మారడం. మా వీధిలో రొట్టెల కొట్టు ఆవిడ నేను ఏది అడిగినా ఇంగ్లిషులో జవాబిచ్చేవారు. సాయం చేస్తున్నానని ఆవిడ ఉద్దేశం. మూడో వారం ఈ వాక్యం బట్టీపట్టి వెళ్లాను: 'స్తో ఇంపరాందో, మి పార్లి ఇన్ ఇతాలియానో, పెర్ ఫవోరె.' నేర్చుకుంటున్నాను, దయచేసి నాతో ఇటాలియన్‌లో మాట్లాడండి. ఆవిడ చేతిలో రొట్టె అలాగే పట్టుకుని, నా వెనకున్న క్యూని ఆపి, ఆ రోజు నాకు మూడు రకాల రొట్టెల పేర్లు నెమ్మదిగా చెప్పారు. వెనకున్న ముసలాయన నాలుగోది చెప్పాడు. ఆ తర్వాత ఆ కొట్లో నాతో ఎవరూ ఇంగ్లిషు మాట్లాడలేదు.

రొట్టె మాటొచ్చింది కాబట్టి: ఉంబ్రియా రొట్టె చప్పిడి. అందులో ఉప్పు వేయరు. 1540లో పోప్ మూడో పాల్ ఉప్పు మీద పన్ను పెంచితే పెరూజావాళ్లు తిరగబడి ఓడిపోయారు, ఆ పంతంతో రొట్టెలో ఉప్పు మానేశారని ఊళ్లో చెప్పుకునే కథ. తిరుగుబాటు నిజం, ఓడాక పోప్ కట్టించిన రొక్కా పవొలీనా కోట అడుగు భాగంలోంచే ఇప్పుడు ఎస్కలేటర్లు ఎక్కుతాం. రొట్టె సంగతి మాత్రం అంతకుముందు నుంచే అలా ఉందనేవాళ్లూ ఉన్నారు. మనకి లాభం ఏమిటంటే, ఆ చప్పిడి రొట్టె ఆవకాయకి భలే కుదురుతుంది.

5. వంట, కరెంటు

బాస్మతి బియ్యం ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. 'ఒరిజినారియో' అని రాసిన పొట్టి బియ్యం కొనొద్దు, ముద్దవుతుంది. పెరుగన్నానికి మాత్రం ముద్దయినా పర్లేదు. కందిపప్పు రైల్వే స్టేషన్ వైపు ఆసియా కొట్లలో అడగండి. దొరక్కపోతే 'లెంతిక్కియె రొస్సె', అంటే ఎర్ర పప్పు, మన మైసూరు పప్పే, మామూలు కొట్లలో ఉంటుంది. రోమ్ వెళ్లినప్పుడు తెర్మినీ స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఎస్క్విలీనో మార్కెట్‌లో దక్షిణాసియా సరుకులు దండిగా దొరుకుతాయి.

పెరుగు దగ్గర జాగ్రత్త. తెల్లటి డబ్బా, 'బియాంకో' అని రాసుంది కదా అని తెచ్చుకుని పోపు పెట్టి అన్నంలో కలిపాను. తియ్యగా ఉంది. 'బియాంకో' అంటే తెల్లది అనే, చక్కెర లేదని కాదు. వెనక 'ఇంగ్రెదియెంతి' వరసలో 'జుక్కెరో' లేనిది చూసి కొనండి. లేబుళ్లు చదవడం మంచి చదువు. మొదటి నెల వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా మీద మాటలు తెలుగు లిపిలో రాసుకోండి.

కరెంటు. ఇటలీలో చాలా ఇళ్లకి ఇచ్చే లోడు 3 కిలోవాట్లే. మన ఇళ్లలోలా గీజరు, ఐరన్ బాక్సు, ఓవెను ఒకేసారి వేస్తే మీటరు దగ్గర పడిపోతుంది. లెక్క చూడండి: నీళ్లు మరిగించే కెటిల్ 2000 వాట్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు వేడి చేసేటప్పుడు దాదాపు ఇంకో 2000. రెండూ కలిస్తే 3 కిలోవాట్లు దాటి ఇల్లు చీకటి కావచ్చు. పాత బిల్డింగుల్లో మీటరు చాలాచోట్ల కింద, వీధి తలుపు దగ్గర ఉంటుంది. నాలుగో అంతస్తు నుంచి ఫోన్ లైటు పట్టుకుని, 70 రాతి మెట్లు దిగి, మీట పైకెత్తి, మళ్లీ ఎక్కేసరికి టీ మీద ఆశ చచ్చిపోతుంది. దిగిన రోజే మీటరు ఎక్కడుందో అడిగి పెట్టుకోండి. వాషింగ్ మెషీన్ తిరుగుతున్నంతసేపూ కెటిల్ ముట్టొద్దు.

చెత్త రకాల వారీగా వేరుచేయాలి: తడి, కాగితం, ప్లాస్టిక్, గాజు, మిగిలినది. ఏ రోజు ఏది బయట పెట్టాలో ఓనరు దగ్గర కాగితం తీసుకుని ఫ్రిజ్‌కి అంటించండి.

6. తిరగడం

కింది నుంచి పాత ఊరికి రావడానికి 2008లో మొదలైన మినీమెత్రో ఉంది, డ్రైవరు లేని చిన్న పెట్టెలు. రాత్రి పొద్దుపోయేదాకా నడవదు, ఆఖరిది ఎప్పుడో చూసుకోండి. బస్సుకి కాగితం టికెట్ కొంటే ఎక్కగానే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. టికెట్ కొని జేబులో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నందుకు నాకు ఫైన్ పడింది. "కొన్నాను కదా" అంటే "కొట్టలేదు కదా" అన్నాడు చెకింగ్ ఆయన. రైలు కాగితం టికెట్ కూడా ఎక్కే ముందే ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో ముద్ర వేయించుకోండి.

ఆదివారం అస్సీసీ వెళ్లండి, రైల్లో అరగంటలోపే.

ఎక్కువగా చేసే తప్పులు

మనవాళ్లతోనే ఇల్లు తీసుకోవడం. వంటకి సుఖం, భాషకి చేటు. తెలుగువాళ్లని వదులుకోమని కాదు, పండక్కి కలవండి, ఒకే గదిలో ఉండకండి.

గ్రామర్ పూర్తయ్యాక మాట్లాడదామనుకోవడం. అది పూర్తవదు.

ఉద్యోగం మీద లెక్క వేసుకుని రావడం. స్టడీ పర్మిట్ మీద వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చని నిబంధన ఉంది, కానీ భాష రానివాళ్లకి ఇంత చిన్న ఊళ్లో పని దొరకడం కష్టం. అద్దె డబ్బు చేతిలో ఉంటేనే బయల్దేరండి.

ఆగస్టులో దిగడం. 15వ తేదీ ఫెర్రగోస్తో పండగ చుట్టూ సగం ఊరు మూసేసి సముద్రానికి పోతుంది. ఇల్లు చూపించేవాళ్లుండరు, మాట్లాడేవాళ్లూ ఉండరు.

పనిచేస్తోందా లేదా, ఎలా తెలుస్తుంది?

క్లాసు మార్కులు చూడకండి. ఇవి చూడండి.

రెండో వారం చివర: బార్‌లో మీరు నోరు తెరవకముందే మీ కాఫీ పెడుతున్నారా? పెడుతుంటే మీరు ఊరికి తెలిశారు. లేదంటే బార్లు మారుస్తున్నారని అర్థం, ఒకదాన్ని పట్టుకోండి.

నాలుగో వారం: ఇద్దరు ముసలమ్మలు బస్సులో ఏ విషయం గురించి పోట్లాడుకుంటున్నారో తెలుస్తోందా? మాటలన్నీ అక్కర్లేదు, విషయం చాలు. తెలియకపోతే సాయంత్రం నడక పెంచి, ఇయర్‌ఫోన్లు ఇంట్లో పెట్టండి.

ఆరో వారం: ఫోన్లో అపాయింట్‌మెంట్ తీసుకోండి, పళ్ల డాక్టరుకో ఇంకెవరికో. ఎదురుగా ముఖం, చేతులు లేకుండా ఇటాలియన్ అర్థమవడం వేరే లెక్క. రెండుసార్లు 'కోమె?' (ఏమన్నారు?) అని అడగొచ్చు, మూడోసారి ఇంగ్లిషులోకి జారితే వారం ఆగి మళ్లీ చేయండి.

ఎనిమిదో వారం: క్షౌరానికి వెళ్లండి. ఇక్కడ ఫలితం దాచలేరు. రెండు సెంటీమీటర్లు తగ్గించమనడానికి 'ది దూయె చెంతీమెత్రి' అనాలి. నేను 'ది' బదులు 'ఆ' అన్నాను. అంటే రెండు సెంటీమీటర్లకి తగ్గించమని. మన 'కి' లాంటిదే, ఒక్క అక్షరం. ఆయన నన్ను ఒకసారి అద్దంలో చూసి, భుజాలెగరేసి, మిషన్ తీశాడు. ఆ తర్వాత మూడు వారాలు నా కపెల్లో మీద కప్పెల్లో దిగలేదు.